ఒక్క పానాకే ఊడే ఫైలు

గోదావరిఖని
9 జూన్ 2025, సోమారం

బామ్మర్ది ఉపేంద్రా,

కవరు మీద నా రాత చూసి చింపకు. నా నంబరు బ్లాకుల పెట్టినవు కాబట్టి పోస్టాఫీసు తొవ్వ పట్టిన. అక్కడి మేడం, ఈ కాలంల ఉత్తరాలు ఎవలు రాస్తున్నరు అన్నది. బామ్మర్దులు అలిగినోళ్లు రాస్తరు మేడం అన్న. నవ్వి ఇంకో కవరు ఎక్కువ ఇచ్చింది, ఒక్కదానితోని నీ అలుక పోదని ఆమెకు సుత తెలిసింది.

గా పెండ్లి కార్డు ముచ్చట ఇంకా కడుపుల పెట్టుకున్నవా? కార్డు టైపు చెయ్యమని గొంతు మార్చి ఫోన్ చేసింది నేనే. పెండ్లికొడుకు పేరు ఉపేందర్ అని చెప్పింది నేనే. కని నువ్వు గా కార్డు కంప్యూటర్ మీద అట్లనే ఇడిశి చాయ్ తాగపోతవని, గప్పుడే మా చెల్లె, నీ ఇంటామె, దుకాణంల అడుగు పెడ్తదని నాకెట్ల తెలుస్తది? గా తర్వాత నువ్వు తిన్న తిట్లన్ని నీవే, నాకేం భాగం లేదు.

అసలు ముచ్చట ఇను. నన్ను షేర్ ఆటో సంఘానికి సెక్రెటరీని చేసిండ్రు. నవ్వకు. ఏడో తరగతి సుత దాటనోడు, మీటింగుల ఎన్క కూసోని అందర్ని ఆట పట్టిచ్చేటోడు సెక్రెటరీ. ఈ సదన్న ఉంటే మీటింగుకు మంది వస్తరని గెలిపిచ్చిండ్రట. గిప్పుడు నా నెత్తి మీదికి వచ్చింది.

గని గేటు కాడి మన అడ్డా సీరియల్ చార్టు నీకు యాదికున్నది కదా. ఫస్ట్ షిఫ్టుకు పోయేటోళ్లను ఎవలు ఎక్కిచ్చుకోవాలె, నైట్ షిఫ్టు దిగినోళ్లను ఎవలు ఇంటికి తేవాలె, అంతా గా చార్టుల నంబరు ప్రకారమే. నీ దుకాణం ఖని చౌరస్తాల ఉన్నప్పుడు నువ్వే టైపు చేసినవు. చార్టొక్కటే కాదు, సంఘం నియమాలు, ఇన్సూరెన్సు దరఖాస్తులు, అన్ని నీ చేతి పనే. నువ్వు కొత్తగూడెం పోయేటప్పుడు అన్ని పెన్ డ్రైవుల ఏసి ఇచ్చినవు.

గిప్పుడు చార్టుల ఒక్క పేరు మారాలె. నాలుగో నంబరు కొమురెల్లి పెంకులు సదురుకుంట ఇంటి మీదికెల్లి పడ్డడు. నడుము బొక్క ఇరిగింది, ఇగ ఆటో తోలలేడు. ఆయన భార్య పూలమ్మ లైసెన్సు తీసుకొని ఆయన ఆటోనే నడుపుతున్నది. సంఘం సుత ఒప్పుకున్నది. గాని పొద్దుగాల ఆమె వంతు రాంగనే ఎన్కున్న ఐదో నంబరు రఘుపతి తన ఆటో ముందటికి తెస్తున్నడు. కాయితం మీద కొమురెల్లి అని ఉన్నది, కొమురెల్లినే రమ్మను అంటున్నడు. ఫస్ట్ షిఫ్టు సవారీలు పోతే ఆమెకు రోజంత ఖాళీ సీట్లే. ఇల్లు గా ఆటో మీదనే నడుస్తున్నది.

నీ పెన్ డ్రైవు పట్టుకొని ఇక్కడ ఇంకో జిరాక్సు దుకాణానికి పోయిన. చార్టు తెరిస్తే తలకిందుల ప్రశ్న గుర్తులు, డాలర్లు, గీతలు వచ్చినయి. దుకాణపాయన, అన్నా ఇది ఏ దేశం భాష అన్నడు. మా బామ్మర్ది భాష అని చెప్పి వచ్చిన.

జర కొమురెల్లి తీసి పూలమ్మ అని పెట్టి జల్ది పంపు. మీ అక్క అనసూర్య నిన్ను మస్తు తిట్టింది. ఏమేం తిట్టిందో రాస్తే ఇంకో కవరు కావాలె.

నీ ఫోనుల చోటు దొరకని
బావ సదయ్య

*

కొత్తగూడెం
14 జూన్ 2025

బావకు,

అక్కకు నా దండాలు. నీకు లేవు.

పెండ్లి కార్డు ముచ్చట నువ్వు ఒక్క ముక్కల తేల్చినవు, మా ఇంట్ల ఇంకా తేలలేదు. గా పెండ్లికూతురు ఎవలని మా ఇంటామె మొన్న సుత అడిగింది.

ఇగ నీ పూలమ్మ ముచ్చట. బావా, నేను నిన్ను చిన్నప్పటి సంది ఎరుగుదు. మూడేండ్ల కింద సంఘం సభ్యుల పేర్లు టైపు చేస్తుంటే, నడుమ ఒక పేరు చెప్పినవు, లక్ష్మి, అడ్డా ఖని చౌరస్తా అని. టైపు చేసిన, ప్రింటు తీసిన, పోలీస్ స్టేషన్ల సుత ఇచ్చిండ్రు. నెల దినాలకు తెలిసింది అది మీ ఇంటెన్క కట్టేసిన బర్రె అని. ఎస్సై నన్ను పిలిపిచ్చి అడిగినప్పుడు నువ్వు ఎక్కడున్నవు? మంచిర్యాలల ఉన్నవు, పెండ్లి బువ్వ తింటున్నవు.

గిప్పుడు గని గేటు కాడ, పొద్దు పొడవక ముందు, ఫస్ట్ షిఫ్టు గిరాకిల, ఒక ఆడామె షేర్ ఆటో తోలుతదా? గంతమంది మొగోళ్ల నడుమ? నాలుగో నంబరా? గీ పూలమ్మ ఎవల బర్రె బావా? కొమురెల్లిదా?

ఫైలు తెరుచుకోలేదన్నవు. తెరుచుకోదు. అది నా ప్రోగ్రాంల, నా అక్షరాలతోని చేసిన ఫైలు. గా అక్షరాలు పైసలు పెట్టి కొన్న. గా ‘శ్రీ’ చూసినవా, పెండ్లి కార్డు మీద పెడితే కండ్లకు అద్దుకుంటరు. గా ప్రోగ్రాం, గా అక్షరాలు రెండూ ఉన్న కంప్యూటర్లనే మంచిగ తెరుచుకుంటది. ఎవలకు పడితే వాళ్లకు తెరుచుకుంటే నేనెందుకు, నా దుకాణమెందుకు?

బర్రెలకు నేను సీరియల్ నంబర్లు ఇయ్య. నీ సరదాకు నా పేరు ఖరాబు చేసుకోలేను.

నీ బామ్మర్ది, గాని మెతకోడు కాదు
ఉపేందర్

*

గోదావరిఖని
18 జూన్ 2025

ఉపేంద్రా,

నీ ఉత్తరం మీ అక్కకు చదివి ఇనిపిచ్చిన. బర్రె ముచ్చట కాడ ఆమె నవ్వి నవ్వి చాట కింద పెట్టింది. తర్వాత పూలమ్మ ముచ్చటకు వస్తే నవ్వు బంద్ చేసి, వానికి ఇంక బుద్ధి రాలేదా అన్నది. పూలమ్మ మనిషే. రెండు కాళ్లు, ఒక ఆటో, నిన్ను నన్ను అమ్మేసి కొనే నోరు.

ఇగ ఇక్కడ ఏమైందో చెప్తే నీ కండ్లు తిరుగుతయి. నీకెళ్లి జవాబు వచ్చే దాక ఆగుదామంటే మంది ఆగుతలేరు. నాకు ఒక తెలివి వచ్చింది. గోడ మీది పాత చార్టును ఫోన్ల ఫోటో కొట్టి, కొమురెల్లి పేరు మీద వేలితోని గీత గీసి, పూలమ్మ అని రాసి, వాట్సాప్ గ్రూపుల పెట్టిన. మస్తు ఖుషీ అయిన, నాకు సుత కంప్యూటర్ వచ్చిందని.

గేటుకు మన మూడు అడ్డాల ఆటోలు గదే చార్టు మీద వస్తయి కదా, గా లీడర్లు ఏం చేసిండ్రంటే, వాళ్లు సుత గా ఫోటో మీద గీతలు గీసిండ్రు. బస్టాండు అడ్డావాళ్లు ఆటో అమ్మినోళ్ల పేర్లు కొట్టేసి కిందోళ్లను పైకి జరిపిండ్రు. చౌరస్తా అడ్డావాళ్లు నా ఫోటో కాక, పాత ఫోటో మీద గీసిండ్రు. గ్రూపుల మూడు ఫోటోలు తిరిగినయి. ఏది ముందటిదో, ఏది ఎన్కటిదో దేవునికెరుక.

సోమారం పొద్దుగాల గేటు కాడికి మూడు ఒకటో నంబర్లు వచ్చినయి బామ్మర్ది. ముగ్గురు మూడు ఫోన్లు చూపిచ్చి నేనంటె నేనని లొల్లి. రోడ్డుకు అడ్డం ఆటోలు. ఎన్క ఆటోల కూసున్న కార్మికులు దిగి ఉరికిండ్రు. ఉరికినా కొందరికి హాజరు మస్టర్ దొరకలేదు, ఆ దినం డ్యూటీ పోయింది. గాళ్లల్ల ఒకాయన నా కాలర్ పట్టుకొని, నీ నవ్వులాటకు నా మస్టర్ పోయింది సదన్నా అన్నడు. నేను గప్పుడు నవ్వలే.

కార్మికులు అందరు కల్సి మాకు గడువు పెట్టిండ్రు. జులై పద్నాలుగు సోమారం నాటికి అందరి చేతుల ఒక్కటే చార్టు ఉండాలె. లేకుంటే కాలనీవాళ్లు బస్సు మాట్లాడుకుంటరట. గప్పుడు గేటు అడ్డాకే నీళ్లొదులుకోవాలె. అడ్డా పోతె పూలమ్మ నాలుగో నంబరు ఎక్కడ పెట్టుకోవాలె?

గీ లొల్లి నా ఆటోల రోజు బడికి పోయే కెరోలిన్ టీచర్ ఇన్నది. ఆమె నాయిన స్తెఫను సార్ గనిల క్లర్కు చేసి రిటైరయిండు, ఆమె ఆరో తరగతి పిల్లలకు చెప్తది. ఆమె ఎనక సీట్ల కూసోని నాకు చెప్పిన ముచ్చట ఇను, నాకైతే దిమాక్‌ల లైటు ఎలిగింది.

ఫైలుకు ఓపెన్ ఫార్మాట్ అని ఒకటి ఉంటదట. గా ఫైలును లోపట ఎట్ల రాయాలె, ఎట్ల చదవాలె అన్న కాయిదాలన్ని లోకానికంతా చెప్పేసి పెట్టిండ్రట. అందుకే ఏ కంపెనీ ప్రోగ్రాం అయినా, ఫ్రీగ దొరికేది అయినా, దాన్ని తెరవొచ్చు. నేను ఆటో తోలుకుంట ఆలోచన చేసిన. మన ఆటో నట్టుకు పన్నెండు నంబరు పానా పడ్తది. గా పానా చౌరస్తాల దొరుకుతది, జైపూర్‌ల దొరుకుతది, పక్క డ్రైవర్ తాన సుత ఉంటది. నడుమ తొవ్వల బండి ఆగితే ఎవలన్న ఇప్పుతరు. నీ ఫైలు నట్టు ఎసుంటిది? గా పానా కొత్తగూడెంల ఒక్కని తాననే ఉన్నది, వాడేమో అలిగి కూసున్నడు.

గీ ముచ్చట టీచరుకు చెప్తే ఆమె సీట్ల నవ్వింది, సదన్నా నువ్వు బడికి వచ్చి పాఠం చెప్పు అన్నది. నేను ఖుషీల బడి దాటి పోయిన, ఆమెను దించుడు మరిచిన.

అందుకే ఒక్క చార్టు కాదు, సంఘం కాయితాలన్ని గా తీర్గ చేసి పంపు. అక్షరాలు సుత అన్ని ఫోన్లల వచ్చేటివి, యూనికోడ్ అంటరట, గవి పెట్టు. మార్చుకునేటివి ఓడీఎస్, ఓడీటీ అనే రకంల, గోడకు పెట్టేది పీడీఎఫ్‌ల. పేర్లు టీచర్ కాయితం మీద రాసిచ్చింది, నేను జేబుల పెట్టుకొని తిరుగుతున్న, మంది ముంగట చెప్పుకుంట.

నట్టు పట్టుకొని కూసున్న
బావ

*

కొత్తగూడెం
24 జూన్ 2025

బావకు,

నీ ఉత్తరం చదివిన. రెండు సార్లు చదివిన. నవ్వు రాలేదు.

ఇన్నేండ్లు మీ సంఘం పనులన్ని నేను చేసిన. ఇన్సూరెన్సు దరఖాస్తు ఆఖరి దినం మీరు ఉరికొస్తే బువ్వ ఇడిశిపెట్టి టైపు చేసిన. గిప్పుడు ఎవలో టీచరమ్మ వచ్చిందట, ఆమెకు దుకాణం ఉన్నదట, నా పని ఆమెకు పోతదట. నేరుగ చెప్పరాదు బావా? నీ పని మాకొద్దు ఉపేంద్రా అని ఒక్క ముక్క రాస్తే అయిపోయేది. నట్లు, పానాలు అని గంత తిప్పుడెందుకు? నేను అలిగి కూసున్న పానానా?

సరే, గది పక్కకు పెడుదాం. నువ్వు చెప్పే ఓపెన్ ముచ్చట మీద నాకొక ప్రశ్న. అందరి ఫోన్లల తెరుచుకుంటది, అందరు మార్చుకోవచ్చు అంటున్నవు. గట్లయితే రేపు పొద్దుగాల రఘుపతి లేస్తడు, చార్టు తెరుస్తడు, ఒకటో నంబరు రఘుపతి అని రాసుకుంటడు. రెండో నంబరు ఆయన తమ్ముడు. గప్పుడు ఏం చేస్తవు? నా తాన ఉన్నంత సేపు ఎవడు చెయ్యి పెట్టలేదు. తాళం ఉంటెనే ఇల్లు.

యూనికోడ్ అక్షరాల ముచ్చట సుత నాకు తెలువదనుకోకు. నా అక్షరాల తోని పోలిస్తే అవి పెండ్లికి పని బట్టలతోని పోయినట్టుంటయి.

అయినా అక్క మొఖం చూసి ఒక పని చేస్తున్న. చార్టు పీడీఎఫ్ చేసి బస్టాండు లీడర్ తోని నీ గ్రూపుల పెట్టిచ్చిన. గది అందరి ఫోన్లల తెరుచుకుంటది, ఎవలు మార్చలేరు. అంచుకు మంచి డిజైన్ సుత పెట్టిన. గదే నీకు కావల్సింది కదా. పేర్లు మాత్రం పాతయే ఉంచిన. నాలుగో నంబరు కొమురెల్లే. బర్రె ముచ్చట నేను మర్చిపోలేదు.

నీ పాత టైపిస్టు
ఉపేందర్

*

గోదావరిఖని
29 జూన్ 2025, అయితారం

ఉపేంద్రా,

ముందుగాల నీ తప్పులు దిద్దుత. కెరోలిన్ టీచరుకు దుకాణం లేదు. సర్కారు బడి, చాక్‌పీసు, అరవై మంది పిల్లలు, గంతె. నీ పని ఆమెకు ఇస్తున్నమని నేను రాయలేదు, నువ్వే ఊహించుకున్నవు. నీ పని నీకే ఉంటది. మాకు కావల్సింది ఏందంటే, నీ తాన పని చేయించుకున్నాక గా కాయితం మా తాన సుత తెరుచుకోవాలె. నువ్వు అలిగినా, నీకు జరమొచ్చినా, నీ కంప్యూటర్ కాలిపోయినా.

ఇగ తాళం ముచ్చట. నువ్వు అడిగింది మంచి ప్రశ్న, నేను సుత పరేషాన్ అయి టీచర్ను అడిగిన. ఆమె చెప్పింది, ఓపెన్ అంటే అందరు రాసుడు కాదు. అందరి కంప్యూటర్లకు, ఫోన్లకు చదవ వచ్చుడు. ఎవలు రాయాలె అన్నది సంఘం తేల్చుకోవాలె, ఫైలు తేల్చదు. గందుకే శుక్రారం నాడు మీటింగు పెట్టినం. అడ్డాకు ఒక్కరు, ముగ్గురే మార్చాలె. మార్చినంక గ్రూపుల పీడీఎఫ్ పెట్టాలె, కింద తారీఖు ఉండాలె. తారీఖు లేని చార్టు చెల్లదు. చేతులెత్తమంటే అందరు ఎత్తిండ్రు. రఘుపతి సుత సగం ఎత్తిండు, నెత్తి గోక్కుంటున్నట్టు.

మీటింగుల మస్తు జోష్ వచ్చింది బామ్మర్ది. ఎప్పుడు నోరు తెరవనోళ్లు సుత నియమాలు మాక్కూడ పంపుండ్రి, మేం చదువుకుంటం అన్నరు. ఇన్నేండ్ల సంది నియమాలు ఏమున్నయో మాలో ఒక్కనికి తెలువదు. బీరువాల ఒక్క ప్రింటు ఉన్నది, గది సగం చెదలు తిన్నది, మిగిలింది నీ పెన్ డ్రైవుల డాలర్లు.

గిప్పుడు నీ పీడీఎఫ్ ముచ్చట చెప్త. నీ డిజైన్ చూసి అందరు మెచ్చుకున్నరు. ఒకాయనైతే దాన్ని ప్రింటు తీసి, ప్లాస్టిక్ ఏయించి, గేటు కాడి స్తంభానికి కట్టిండు. ఎవలనుకున్నవు? రఘుపతి. నీ పీడీఎఫ్‌ల నాలుగో నంబరు కొమురెల్లి అని గంత అందంగ, గంత గట్టిగ ఉన్నది కదా. ఇదిగో కొత్త చార్టు, కొత్తగూడెం నుంచి వచ్చింది, మారలేదు అని వేలు పెట్టి చూపిస్తున్నడు. దీని మీద తారీఖు లేదంటే, తారీఖున్నది చూపియ్యుండ్రి అంటున్నడు. మేం మారుద్దమంటే మారదు. నువ్వే రాసినవు, ఎవలు మార్చలేరని.

పూలమ్మ రెండు దినాల సంది గేటు కాడికి వస్తలేదు. నేను ఇంటికి పోయిన. కొమురెల్లి మంచంల గోడ దిక్కు తిరిగి పండుకున్నడు. ఆటో అమ్ముదామని మాట్లాడుకుంటున్నరు, కొనెటోడు శ్రావణంల వస్త అన్నడట. ఆమె నాకు చాయ్ పోసింది. గా నోరు గల్ల మనిషి చక్కెర సరిపోయిందా అని మాత్రమే అడిగింది బామ్మర్ది.

ఈ ఉత్తరంల ఇంతకు మించి నవ్వు దొరకదు. నా మాట మీద నమ్మకం లేకుంటే రైలెక్కి వచ్చి నీ కండ్లతోని చూసుకో. బర్రెనో మనిషో.

సదయ్య

*

కొత్తగూడెం
8 జులై 2025

బావా,

అక్కకు ఈ ఉత్తరం చదివి ఇనిపియ్యకు. ఎందుకో చివరికి తెలుస్తది.

శుక్రారం నాడు నేను గోదావరిఖని వచ్చిన. జిరాక్సు మిషన్ డ్రమ్ము కోసం మంచిర్యాల పోయి, తిరిగొచ్చేటప్పుడు దిగిన. మీ ఇంటికి రాలేదు. నువ్వు అబద్ధం చెప్తున్నవని రుజువు చేసి, గప్పుడు ఇంటికొచ్చి నీ ముంగట కూసోని నవ్వుదామనుకున్న.

బస్టాండు బయట నిలబడి గని గేటు ఆటో అని అడిగితే ఒకాయన చెయ్యి చూపిచ్చిండు. పోయి ఎక్కిన. ముందట సీట్ల ఒక ఆడామె, ఖాకీ చొక్కా, కొంగు నడుముకు చుట్టుకున్నది.  అప్పటికింకా అనుకున్న, నువ్వు ఎవల్నో తెచ్చి కూసోబెట్టినవేమో అని. నేను వస్తున్నట్టు నీకెట్ల తెలుస్తది అన్న ఆలోచన చానా సేపటికి వచ్చింది.

నేనే ఒక్కణ్ని ఉన్న ఆటోల. గేటు కాడ అడ్డా ఉన్నది కదా, మీరు గక్కడ పెట్టరా అని అడిగిన. గంతె, మొదలు పెట్టింది. ఆటో నడుపుకుంటనే, అద్దంల నన్ను చూసుకుంట.

“నంబరున్నది సారు. పేరే లేదు. కొత్తగూడెంల ఒకడున్నడు, మా సదన్న బామ్మర్దట, వాని పెట్టెల ఉన్నదట నా పేరు. వాడు ఇయ్యడట. నేను బర్రెనట.”

 ఎవలు చెప్పిండ్రమ్మా గట్ల అన్న. సదన్న నా ఉత్తరాన్ని ఆటోల మర్చిపోతే రఘుపతి చదివి అందరికి ఇనిపిచ్చిండట. నువ్వు సుత నీ జేబు చూసుకోవు. తర్వాత అన్నది:

“ఇంటోడు పడ్డనాడు నేను ఏడ్వలే. లైసెన్సు టెస్టుల మూడు సార్లు ఫెయిల్ చేసిండ్రు, ఏడ్వలే. గా స్తంభం మీద రంగుల కాయితం చూసిననాడు ఏడ్చిన. గంత మంచిగ చేసిండు సారు వాడు. గంత మంచిగ చేసెటోనికి ఒక్క పేరు బరువైందా?”

దిగేటప్పుడు మీ పేరేంది సారు, ఏం పని అని అడిగింది. మిషన్ రిపేర్ అని చెప్పిన. పైసలిస్తే, నాకు తోడుగ వచ్చిండ్రు కదా ఖాళీ ఆటోల, సగం చాలు అన్నది. గా చిల్లర నా చొక్కా జేబుల ఉన్నది ఇంకా, దుకాణంల ఖర్చు పెట్టలేకపోతున్న.

రైల్ల కూసోని ఇంటికొచ్చిన. కంప్యూటర్ పెట్టిన. ఇగ అసలు ముచ్చట ఇను, గిది ఎవలకు చెప్పకు, నా పరువు పోతది. మీ సంఘం మొదటి ఏడాది కాయితాలు, నేను చేసినవే, నా ప్రోగ్రాంల చేసినవే, నాకే తెరుచుకోలేదు. గీ ఏడాది కొత్త వెర్షన్ కొన్న. గది పాత ఫైళ్లను గుర్తు పడ్తలేదు. నా పానాకే నా నట్టు ఊడలేదు బావా. మూల పడ్డ పాత కంప్యూటర్‌ను దుమ్ము దులిపి, మిషన్ డ్రమ్ము పక్కకు పెట్టి, దాన్ని నడిపిచ్చి తెరిచిన.

తర్వాత పని మొదలు పెట్టిన. పాత అక్షరాలను యూనికోడ్‌లకు మార్చే ఉపాయం ఉన్నది గాని వత్తులు, సున్నలు ఎగిరిపోతయి. కొమురెల్లి కాస్త కొమురెలి అయిండు. సంఘం కాస్త సఘం అయింది. ఒక్కొక్క పేరు నా కండ్లతోని చూసి దిద్దిన. మా ఇంటామె పక్కకు కూసోని చదివింది, నేను కొట్టిన. పెండ్లి కార్డు తర్వాత ఆమె నా పక్కకు కూసునుడు గిదే మొదలు.

నియమాలు, దరఖాస్తులు ఓడీటీల ఉన్నయి. చార్టు ఓడీఎస్‌ల ఉన్నది. గోడకు పెట్టేటందుకు అన్నిటికి పీడీఎఫ్ సుత ఉన్నది, కింద తారీఖుతోని. ఫోన్ల తెరిచేటందుకు పైసలు లేకుండ దొరికే ఆప్ ఏదో అది సుత కాయితం మీద రాసిన. ఇంకో సంగతి, గా యూనికోడ్ అక్షరాలు చూస్తుంటే చూస్తుంటే అంత ఖరాబేం లేవు. పెండ్లికి వద్దు గాని, పనికి బాగున్నయి.

నాలుగో నంబరు కాడ ఏం పెట్టాలె అని చానా సేపు ఆలోచన చేసిన. రఘుపతి మల్ల నోరు తెరవకుండ, పూలమ్మ, కొమురెల్లి భార్య అని గట్టిగ రాసిన. ఆటో ఎవలదో, నంబరు ఎవలదో ఇగ ఎవ్వడు అడగడు.

పెన్ డ్రైవు, ఈ ఉత్తరం రెండు బస్సు పార్సిల్ల ఏస్తున్న. ఊరి దాక వచ్చి అక్క మొఖం చూడకుండ పోయిన అన్న ముచ్చట నీ తాననే ఉండనీ.

మిషన్ రిపేర్ చేసెటోడు
ఉపేందర్

*

గోదావరిఖని
14 జులై 2025, సోమారం

మిషన్ రిపేర్ సారుకు,

నీ ఉత్తరం మీ అక్కకు చదవద్దన్నవు. చదవలే. పార్సిల్ ఆమెనే ఇప్పింది, ఆమెనే చదివింది. నిన్ను ఏమన్నదో రాస్త అనుకోకు, ఈ కాయితం కాలిపోతది. ఒక్కటి మాత్రం చెప్త, వచ్చే అయితారం నువ్వు, చెల్లె ఇద్దరు రావాలె. రాకుంటే ఆమెనే కొత్తగూడెం వస్తదట. నువ్వే ఆలోచన చేసుకో ఏది నయమో.

ఇగ పొద్దుగాలటి ముచ్చట. ఆటోలనే కూసోని మోకాలి మీద కాయితం పెట్టి రాస్తున్న, అందుకే రాత వంకర్లు పోతున్నది.

పెన్ డ్రైవు చేతికి రాంగనే టీచర్ తాన నేను, బస్టాండు లీడర్, చౌరస్తా లీడర్ కూసోని నేర్చుకున్నం. నీ ఫైలు ఆమె కంప్యూటర్ల తెరుచుకున్నది. నా ఫోన్ల తెరుచుకున్నది. పగిలిపోయిన అద్దం ఉన్న బస్టాండు లీడర్ ఫోన్ల సుత తెరుచుకున్నది, ఆయన లేచి నిలబడ్డడు. డాలర్లు లేవు, ప్రశ్న గుర్తులు లేవు. తెలుగు. మన పేర్లు. నేను నా పేరు వెతుక్కొని వేలు పెట్టి చూసుకున్న, చిన్న పిలగాని లెక్క. నియమాలు గ్రూపుల పెడితే పొద్దు గూకె దాక అందరు చదువుడే. పదకొండో నియమంల ఏమున్నదో తెలుసా? డ్రైవర్ పనికి రాకుంటే ఇంటోళ్లల లైసెన్సు ఉన్నోళ్లు గదే నంబరుకు వస్తరని. నువ్వే టైపు చేసినవు, నీకు యాదికి లేదు, మాకెవలకు తెలువదు. రఘుపతి సుత చదివిండు. చదివి తన ఫోను జేబుల పెట్టుకున్నడు.

గేటు అడ్డాకు చార్టు మార్చేటోళ్లు ఎవలని అడిగితే అందరు పక్కోణ్ని చూసిండ్రు. చేసెటోని మీదనే తిట్లు పడ్తయి కదా, ఎవడు ముందుకు వస్తడు. పూలమ్మ చెయ్యి ఎత్తింది. నేను చేస్త, తిట్లకు నేనేం కొత్త కాదు అన్నది. అందరు చప్పట్లు కొట్టిండ్రు. నేను విజిల్ ఏసిన, టీచర్ నన్ను క్లాసుల పిలగాన్ని చూసినట్టు చూసింది.

పొద్దుగాల గేటు కాడ ఒక్కటే చార్టు. స్తంభం మీద అదే, గ్రూపుల అదే, తారీఖు అదే. కార్మికులు ఫోన్లు తీసి చూసుకొని ఏ ఆటో ఎక్కాలో గా ఆటో ఎక్కిండ్రు. ఒకటి, రెండు, మూడు పోయినయి.  నాలుగు అని పిలిచిన. ఎన్కకెళ్లి పూలమ్మ ఆటో వచ్చింది, రఘుపతి తన ఆటోను జర పక్కకు జరిపిండు, ఆమెకు తొవ్వ ఇచ్చేటందుకు. నా కాలర్ పట్టుకున్న కార్మికుడే మొదలు ఎక్కి ముందు సీట్ల కూసున్నడు. అందరికి మస్టర్ దొరికింది. బస్సు ముచ్చట ఎవలు ఎత్తలే.

ఆటో కొనెటోనికి కొమురెల్లినే ఫోన్ చేసి రావద్దన్నడట.

ఇగ నీకు చెప్పాల్సింది ఒకటి ఉన్నది, కోపం తెచ్చుకోకు. నువ్వు ఏరి కోరి రాసిన మాట మీద చెయ్యి పడ్డది. స్తంభానికి కొత్త చార్టు కట్టే ముందు దాన్ని చదివి చూసిన. నాలుగో నంబరు కాడ నువ్వు రాసినట్టు లేదు. ఇదెవలు మార్చిండ్రని పూలమ్మను అడిగిన. తనే, నిన్న బువ్వ తిన్నంక, మంచం అంచుకు కూసోని, ఫోన్ల నీ ఫైలు తెరిచి మార్చిందట. కొమురెల్లి పక్కకెల్లి చూసిండట, ఫోను వెలుతురు ఎక్కువ చెయ్యమన్నడట.

గిప్పుడు స్తంభం మీద గిట్ల ఉన్నది బామ్మర్ది, నీ సాదా అక్షరాలల్ల:

నాలుగు. పూలమ్మ.

గంతె ఉన్నది.

బావ సదయ్య